రక్తంలో కాల్షియం ఎక్కువగా ఉందంటే: అసలు కారణాన్ని పట్టుకునే దారి

"పాలు మానేశానండీ, పెరుగు కూడా మానేశాను, అయినా తగ్గట్లేదు." యాభై ఎనిమిదేళ్ళ ఒకావిడ నా ఎదురుగా కూర్చుని మొదట చెప్పిన మాట ఇది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఆరేళ్ళ రిపోర్టులు. కిడ్నీలో రాళ్ళకు రెండుసార్లు ఆపరేషన్ అయింది. ఒళ్ళు నొప్పులకు ఒక డాక్టరు, మలబద్ధకానికి ఇంకో డాక్టరు, నీరసానికి మరొకరు మందులు రాశారు. చివరికి ఒక హెల్త్ చెకప్‌లో కాల్షియం 11.4 అని తేలింది. దాంతో కడుపు స్కాన్, ఛాతీ సీటీ, ఆఖరికి పెట్ స్కాన్ కూడా తీయించారు. అంత లావు కవరులో లేనిది ఒకే ఒక్క రక్త పరీక్ష: పీటీహెచ్, అంటే మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు వదిలే హార్మోను. ఆమెకు అన్నిటికంటే ముందు చేయాల్సింది అదే.

నేను జనరల్ ఫిజీషియన్‌ని. కాల్షియం ఎక్కువైన వాళ్ళలో నేను మళ్ళీ మళ్ళీ చూస్తున్న పొరపాటు ఇదే. పరీక్షలు తక్కువై కాదు, వరస తప్పి రోగం దొరక్కుండా పోతుంది. ఈ వ్యాసం ఆ వరస గురించి. ఇంట్లో పెద్దవాళ్ళ రిపోర్టు పట్టుకుని టెన్షన్ పడుతున్న పిల్లలకూ, ఇప్పుడిప్పుడే ప్రాక్టీసు మొదలుపెట్టిన డాక్టర్లకూ పనికొస్తుందని రాస్తున్నాను. మందులు సొంతంగా మొదలుపెట్టడానికో ఆపడానికో దీన్ని వాడొద్దు. మీ డాక్టరును సరైన ప్రశ్న అడగడానికి వాడండి.

ఆగకూడని సందర్భాలు

కాల్షియం డెసీలీటరుకు 14 మిల్లీగ్రాములు దాటితే ఇది చదువుతూ కూర్చోవద్దు, ఆసుపత్రికి వెళ్ళండి. అంతకంటే తక్కువున్నా సరే, మనిషి మగతగా ఉన్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా, వాంతులు ఆగకపోయినా, నాలుక ఎండిపోయినా అంతే. కాల్షియం పెరిగినప్పుడు కిడ్నీలు నీటిని పట్టి ఉంచలేవు. మూత్రం ఎక్కువగా పోయి ఒళ్ళు ఎండిపోతుంది. ఒళ్ళు ఎండిన కొద్దీ కిడ్నీలు కాల్షియాన్ని బయటికి పంపలేవు. ఈ చక్రాన్ని తెంచేది సెలైనే. ఈసీజీ కూడా తీయాలి.

ఇక్కడ వైద్యులకు రెండు మాటలు. ఒకటి, కాల్షియం తగ్గించే జోలెడ్రోనేట్ వంటి మందు ఎక్కించే ముందే పీటీహెచ్‌కు రక్తం తీసి పెట్టుకోండి. మందుతో కాల్షియం దిగాక పీటీహెచ్ లేస్తుంది, అప్పుడు ఆ అంకెను నమ్మలేం. రెండు, కారణం ఊహించకుండా స్టెరాయిడ్ మొదలుపెట్టకండి. లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సర్) ఉంటే గడ్డలు తాత్కాలికంగా కరిగి బయాప్సీలో ఏమీ దొరకదు. టీబీ ఉంటే అది విజృంభిస్తుంది.

మొదటి అడుగు: నిజంగా ఎక్కువగా ఉందా?

చాలా ల్యాబుల్లో మొత్తం కాల్షియం డెసీలీటరుకు సుమారు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల మధ్య ఉంటే మామూలు అంటారు. విదేశాల్లో ఉన్న మనవాళ్ళ రిపోర్టుల్లో 2.85 లాంటి అంకె కనిపిస్తే అది మిల్లీమోల్స్ లెక్క. దాన్ని 4తో గుణించండి, 11.4 వస్తుంది.

రక్తంలో ఉన్న కాల్షియంలో దాదాపు సగం మాత్రమే స్వేచ్ఛగా తిరుగుతూ పని చేస్తుంది. మిగతాదాంట్లో ఎక్కువ భాగం అల్బుమిన్ అనే ప్రొటీన్‌ను అంటిపెట్టుకుని ఉంటుంది. అందుకే అల్బుమిన్ పెరిగితే కాల్షియం ఎక్కువున్నట్టు, తగ్గితే తక్కువున్నట్టు కనబడుతుంది. దీన్ని సరిచేయడానికి ఒక సులువైన లెక్క ఉంది. 4 లోంచి అల్బుమిన్ (డెసీలీటరుకు గ్రాముల్లో) తీసేసి, వచ్చినదాన్ని 0.8తో గుణించి, రిపోర్టులోని కాల్షియానికి కలపాలి.

ఒక ఉదాహరణ చూడండి. కాల్షియం 11.0, అల్బుమిన్ 5.2. నాలుగు లోంచి 5.2 పోతే మైనస్ 1.2. దాన్ని 0.8తో గుణిస్తే మైనస్ 0.96. అంటే అసలు కాల్షియం 10.04 మాత్రమే. నీళ్ళు తాగకుండా ఎండలో తిరిగొచ్చి రక్తమిచ్చిన మనిషిలో ఇలా జరుగుతుంది. ఇప్పుడు దీనికి ఎదురు ఉదాహరణ. కాల్షియం 10.2, పక్కన ఏ గుర్తూ లేదు. కానీ మంచాన పడి చిక్కిపోయిన మనిషి, అల్బుమిన్ 2.5. లెక్క వేస్తే 11.4. రెండో మనిషినే మనం ఎక్కువగా వదిలేస్తాం, ఎందుకంటే రిపోర్టులో ఎర్ర గుర్తు ఉండదు.

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళలో, ఐసీయూలో ఉన్నవాళ్ళలో, మైలోమా (ఎముక మజ్జలో వచ్చే ఒక క్యాన్సర్) అనుమానం ఉన్నవాళ్ళలో ఈ లెక్కను నమ్ముకోవద్దు. స్వేచ్ఛగా తిరిగే భాగాన్నే, అంటే అయొనైజ్డ్ కాల్షియాన్ని, నేరుగా కొలిపించాలి. ఆ శాంపిల్‌కు గాలి తగలకూడదు, వెంటనే మెషీన్‌లో పెట్టాలి. ఊళ్ళో తీసి సిటీకి పంపితే ఆ అంకె మీద భరోసా ఉండదు.

ఒక్క రిపోర్టు చూసి ఏదీ నిర్ణయించకండి. మళ్ళీ చేయించండి. ఉదయం పరగడుపున, ముందురోజు బాగా నీళ్ళు తాగి, చెయ్యికి రబ్బరు పట్టీ ఎక్కువసేపు బిగించి ఉంచకుండా రక్తం తీయమనండి. ఆరోజు కాల్షియం మాత్ర వేసుకోకుండా వెళ్ళండి.

రెండో అడుగు: పాత కాగితాలు తీయండి

దీనికి పైసా ఖర్చు లేదు. బీరువాలో, అటక మీద, అల్లుడి వాట్సాప్‌లో ఎక్కడున్నా సరే, గత ఐదు పదేళ్ళ రిపోర్టులు బయటికి తీసి కాల్షియం అంకెలు తేదీలతో ఒక కాగితం మీద రాయండి. 2017లో 10.7, 2019లో 10.9, ఇప్పుడు 11.3 అని ఉందనుకోండి. ఇది నెమ్మదిగా నడుస్తున్న పారాథైరాయిడ్ వ్యవహారం అయ్యే అవకాశం చాలా ఎక్కువ. క్యాన్సర్ వల్ల పెరిగిన కాల్షియంతో ఎవరూ అన్నేళ్ళు నింపాదిగా తిరగరు. అదే, ఆరు నెలల క్రితం 9.4 ఉండి ఇప్పుడు 13.5 అయితే కథ వేరు. క్యాన్సరో, మందుల మోతాదో వేగంగా వెతకాలి. వయసు, బరువు తగ్గడం, ఆకలి చచ్చిపోవడం కూడా ఈ కాగితం మీదే రాయండి.

రాళ్ళు ఎన్నిసార్లు వచ్చాయి, చిన్న దెబ్బకే ఎముక విరిగిందా, మద్యం అలవాటూ పిత్తాశయంలో రాళ్ళూ లేకుండా ప్యాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) వచ్చిందా, ఇంట్లో ఇంకెవరికైనా మెడ ఆపరేషన్ అయిందా అన్నది కూడా రాయాలి. మన దేశంలో పారాథైరాయిడ్ జబ్బు చాలామందిలో ఎముకల నొప్పులతో, రాళ్ళతో, విరిగిన ఎముకతో బయటపడుతుంది. నడుము నొప్పి, అరిగిన మోకాళ్ళు అని ఏళ్ళ తరబడి మాత్రలు మింగినవాళ్ళలో అసలు దొంగ మెడలో ఉండటం నేను చూశాను.

మూడో అడుగు: మందుల సంచి గుమ్మరించండి

"ఏం మందులు వాడుతున్నారు?" అని అడిగితే జనం బీపీ, షుగర్ మాత్రలు చెబుతారు. విటమిన్లను ఎవరూ మందులుగా లెక్కపెట్టరు. అందుకే నేను అడగడం మానేశాను, సంచి తెమ్మంటాను. బల్ల మీద గుమ్మరించి ఒక్కో స్ట్రిప్ వెనక ఉన్న చిన్న అక్షరాలు చదువుతాను.

మన దగ్గర ముందు వెతకాల్సింది విటమిన్ డి. 60,000 యూనిట్ల గుళిక లేదా పొడి ప్యాకెట్ మామూలుగా వారానికి ఒకటి చొప్పున కొన్ని వారాలు రాస్తారు. ఎనిమిది వారాలకు మొత్తం 4,80,000 యూనిట్లు. అదే మాత్రను పొరపాటున రోజూ వేసుకుంటే రెండు నెలల్లో 36 లక్షల యూనిట్లు ఒంట్లోకి పోతాయి. చీటీలో వారానికి అని రాసింది రోజుకి అని అర్థమవడం చాలా సులువు, ముఖ్యంగా చదువు రాని పెద్దవాళ్ళకు మిగతా అన్ని మాత్రలూ రోజువారీవే అయినప్పుడు. దీనికి తోడు 6 లక్షల యూనిట్ల ఇంజెక్షన్ ఒకటుంది. ఎముకల డాక్టరు ఒకటి, ఊళ్ళో ఆర్‌ఎంపీ బలానికని ఇంకొకటి, మధ్యలో గైనకాలజిస్టు మరొకటి వేస్తారు. ముగ్గురిలో ఎవరికీ మిగతా ఇద్దరి సంగతి తెలియదు. ఇంజెక్షన్ల గురించి విడిగా, పేరు పెట్టి అడగండి. స్ట్రిప్ మిగలదు కాబట్టి సంచిలో అది కనబడదు.

తర్వాత చూడాల్సినవి కాల్షియం మాత్రలు, ఎసిడిటీకి నమిలే కాల్షియం కార్బొనేట్ బిళ్ళలు, శంఖ భస్మం, ప్రవాళ భస్మం లాంటివి. భస్మం అంటే మూలిక అనుకుంటారు, కానీ శంఖమూ పగడమూ ప్రధానంగా కాల్షియమే. కిళ్ళీలో వేసుకునే సున్నం కూడా కాల్షియమే. ఇవి ఎక్కువై, కాల్షియంతో పాటు రక్తంలో క్షారాన్ని చూపే బైకార్బొనేట్, కిడ్నీ పనితీరును చూపే క్రియాటినిన్ కూడా పెరిగితే దాన్ని మిల్క్-ఆల్కలీ సిండ్రోమ్ అంటారు. 1915లో బెర్ట్రమ్ సిప్పీ అనే అమెరికన్ వైద్యుడు కడుపులో పుండుకు గంట గంటకూ పాలు, మీగడ, క్షారపు పొడులు ఇచ్చే పద్ధతి పెట్టాడు. ఆ వైద్యం తీసుకున్నవాళ్ళలో ఈ జబ్బు కనిపించింది కాబట్టి ఆ పేరు నిలిచింది. ఆ వైద్యం పోయింది, జబ్బు మాత్రం కాల్షియం మాత్రల రూపంలో తిరిగొచ్చింది.

బీపీ మాత్రల్లో హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్ ఉన్నాయేమో చూడండి. పేరు చివర "హెచ్" అని ఉండే చాలా మాత్రల్లో మొదటిది ఉంటుంది. థయజైడ్ రకానికి చెందిన ఇవి మూత్రంలో పోయే కాల్షియాన్ని తగ్గిస్తాయి. ఇవి ఒక్కటే కాల్షియాన్ని బాగా పెంచడం అరుదు. చాలాసార్లు అడుగున దాగి ఉన్న పారాథైరాయిడ్ జబ్బును పైకి తేల్చుతాయి. డాక్టరు వేరే బీపీ మందుకు మార్చి కొన్ని వారాల తర్వాత కాల్షియం మళ్ళీ చూడాలి. మానసిక వైద్యులు రాసే లిథియం ఏళ్ళ తరబడి వాడితే పారాథైరాయిడ్ గ్రంథులను రెచ్చగొడుతుంది. దాన్ని మాత్రం సొంతంగా ఎప్పుడూ ఆపొద్దు, రాసిన డాక్టరుతో మాట్లాడాల్సిందే. ఎముకల బలానికి రోజూ తీసుకునే టెరిపరటైడ్ ఇంజెక్షన్, విటమిన్ ఎ ఎక్కువ మోతాదులు కూడా ఈ లిస్టులోవే.

ఇంకొకటి. జుట్టు రాలకుండా వేసుకునే బయోటిన్ మాత్రలు కాల్షియాన్ని పెంచవు కానీ కొన్ని మెషీన్ల మీద పీటీహెచ్‌ను ఉన్నదానికంటే తక్కువగా చూపిస్తాయి. పీటీహెచ్‌కు రక్తమిచ్చే ముందు రెండు మూడు రోజులు ఆపమని చెప్పండి.

నాలుగో అడుగు: పీటీహెచ్. దారి ఇక్కడే చీలుతుంది

మెడలో థైరాయిడ్ వెనక బియ్యపు గింజల్లాంటి నాలుగు చిన్న గ్రంథులుంటాయి. అవే పారాథైరాయిడ్లు. 19వ శతాబ్దం మధ్యలో లండన్ జూలో చనిపోయిన ఒక భారతీయ ఖడ్గమృగాన్ని కోసి పరిశీలిస్తూ రిచర్డ్ ఓవెన్ వీటిని మొదట గుర్తించాడు. మనిషిలో వీటిని వివరించింది స్వీడన్ విద్యార్థి ఈవార్ సాండ్‌స్ట్రోమ్, 1880లో. ఇవి వదిలే హార్మోను పీటీహెచ్. రక్తంలో కాల్షియం తగ్గితే ఇది పెరిగి ఎముకల్లోంచి కాల్షియాన్ని తీస్తుంది, కిడ్నీలో పోకుండా ఆపుతుంది, విటమిన్ డిని చురుకైన రూపంలోకి మార్పిస్తుంది. కాల్షియం పెరిగితే ఇది ఆగిపోవాలి.

నేను ఇంట్లోవాళ్ళకు మేడ మీది నీళ్ళ ట్యాంకుతో పోల్చి చెబుతాను. ట్యాంకు నిండి పొర్లుతోంది. వెంటనే ఏం చూస్తాం? మోటారు ఆగిందా లేదా అని. మోటారు ఇంకా తిరుగుతుంటే తప్పు మోటారుదే. మోటారు ఆగిపోయినా ట్యాంకు పొర్లుతుంటే నీళ్ళు ఇంకెక్కడి నుంచో వస్తున్నాయి. పీటీహెచ్ ఆ మోటారు. ఈ ఒక్క ప్రశ్నకు జవాబు దొరికితే సగం జబ్బులు లిస్టులోంచి కొట్టేయొచ్చు.

ఇక్కడ ఒక మాట నొక్కి చెప్పాలి. చాలా ల్యాబుల్లో పీటీహెచ్ మామూలు హద్దులు మిల్లీలీటరుకు సుమారు 15 నుంచి 65 పికోగ్రాములు. కాల్షియం 11.4 ఉన్న మనిషికి పీటీహెచ్ 52 వచ్చిందనుకోండి. రిపోర్టులో దాని పక్కన ఏ గుర్తూ ఉండదు. "పీటీహెచ్ నార్మల్, పారాథైరాయిడ్ బాగానే ఉంది" అని రాసేసి క్యాన్సర్ కోసం స్కాన్లు మొదలుపెడతారు. ఇది తప్పు. ట్యాంకు పొర్లుతున్నప్పుడు మోటారు మామూలు స్పీడులో తిరగడం మామూలు విషయం కాదు. కాల్షియం అంత ఉన్నప్పుడు పీటీహెచ్ 20 కంటే కిందికి అణిగి ఉండాలి. 52 అంటే గ్రంథి మాట వినడం లేదని అర్థం. ఆ హద్దులు కాల్షియం మామూలుగా ఉన్నవాళ్ళను చూసి పెట్టినవి. అందుకే పీటీహెచ్‌ను ఎప్పుడూ విడిగా చదవకూడదు, అదే రక్తంలో చూసిన కాల్షియం పక్కన పెట్టి చదవాలి. కాల్షియం సోమవారం, పీటీహెచ్ ఇంకో వారం చేయించిన కాగితాలు నాకు తెచ్చి చూపిస్తే మళ్ళీ రెండూ కలిపి చేయించి రమ్మంటాను.

అదే రక్తంతో ఇవి కూడా అడగండి: అల్బుమిన్, ఫాస్ఫరస్, మెగ్నీషియం, క్రియాటినిన్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, బైకార్బొనేట్, 25-హైడ్రాక్సీ విటమిన్ డి. ఫాస్ఫరస్ చవకైన పరీక్షే అయినా మంచి జాడ చూపిస్తుంది. పీటీహెచ్ ఎక్కువైనప్పుడు అది తగ్గుతుంది, విటమిన్ డి ఎక్కువైనప్పుడు పైకి పోతుంది.

ఐదో అడుగు: పీటీహెచ్ అణగకపోతే

ఇలాంటివాళ్ళలో చాలామందికి ఉండేది ప్రైమరీ హైపర్‌పారాథైరాయిడిజం. పదిమందిలో ఎనిమిది మందికి పైగా నాలుగింటిలో ఒక్క గ్రంథిలో చిన్న గడ్డ పెరిగి ఉంటుంది. అది క్యాన్సర్ కాదు. పారాథైరాయిడ్ క్యాన్సర్ చాలా అరుదు. కాల్షియం 14 దాటి, పీటీహెచ్ వందల్లో ఉండి, మెడలో గడ్డ చేతికి తగిలితే మాత్రం దాన్ని అనుమానించాలి. ఏళ్ళ తరబడి కిడ్నీ ఫెయిల్యూర్‌తో డయాలసిస్ చేయించుకుంటున్నవాళ్ళలో గ్రంథులు అదుపు తప్పి కాల్షియం పెరగడం ఇంకో రకం. వాళ్ళ చరిత్రే విషయం చెబుతుంది.

ఆపరేషన్ మాట ఎత్తే ముందు తప్పకుండా పక్కన పెట్టాల్సిన జబ్బు ఒకటుంది. దాని పేరు పెద్దది: ఫ్యామిలియల్ హైపోకాల్సియూరిక్ హైపర్‌కాల్సీమియా, ముద్దుగా ఎఫ్‌హెచ్‌హెచ్. ఇది కుటుంబంలో వచ్చే గుణం. కాల్షియం ఎంత ఉందో పసిగట్టే సెన్సర్ జన్యువులో తేడా వల్ల గ్రంథి కాస్త ఎక్కువ కాల్షియాన్నే మామూలు అనుకుంటుంది. చాలామందికి దీనివల్ల ఏ ఇబ్బందీ ఉండదు. మెడ కోసి గ్రంథి తీసినా కాల్షియం తగ్గదు. అంటే అనవసరంగా కోసినట్టవుతుంది.

తేడా తెలియాలంటే 24 గంటల మూత్రం పట్టాలి. చాలామంది పట్టే పద్ధతి తప్పు కాబట్టి వివరంగా చెబుతాను. ఉదయం ఆరింటికి లేచి మొదటి మూత్రం టాయిలెట్‌లోనే వదిలేయండి. అక్కడి నుంచి పగలూ రాత్రీ ప్రతి చుక్కా క్యానులోకే. మర్నాడు ఉదయం ఆరింటికి మొదటి మూత్రాన్ని కూడా క్యానులో పట్టి ఆపేయండి. మధ్యలో ఒక్కసారి బయట పోసినా ఆ రోజు లెక్క చెడినట్టే, ఇంకో రోజు మళ్ళీ మొదలుపెట్టండి. అదే రోజు రక్తంలో కాల్షియం, క్రియాటినిన్ కూడా చూడాలి.

లెక్క ఇది. మూత్రంలో కాల్షియాన్ని రక్తంలో క్రియాటినిన్‌తో గుణించండి. రక్తంలో కాల్షియాన్ని మూత్రంలో క్రియాటినిన్‌తో గుణించండి. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. నాలుగు అంకెలూ డెసీలీటరుకు మిల్లీగ్రాముల్లోనే ఉండాలి. రక్తంలో కాల్షియం 11, క్రియాటినిన్ 0.8, మూత్రంలో కాల్షియం 22, క్రియాటినిన్ 60 అయితే 17.6ను 660తో భాగించాలి. 0.027 వస్తుంది. 0.02 దాటితే పారాథైరాయిడ్ గడ్డ వైపు మొగ్గు. మూత్రంలో కాల్షియం 4, క్రియాటినిన్ 80 అయి ఉంటే 0.0036. 0.01 కంటే తక్కువైతే ఎఫ్‌హెచ్‌హెచ్ అనుమానించాలి. మధ్యలో పడితే తేల్చి చెప్పలేం. విటమిన్ డి బాగా తక్కువున్నా, థయజైడ్ మాత్ర వాడుతున్నా, కిడ్నీ బలహీనమైనా అంకె మోసం చేస్తుంది. మనవాళ్ళలో విటమిన్ డి లోపం ఎక్కువ కాబట్టి డాక్టరు పర్యవేక్షణలో దాన్ని కొంచెం కొంచెంగా సరిచేసి మళ్ళీ చూడటం మంచిది. ఒక్కసారిగా పెద్ద డోసు ఇస్తే దాగి ఉన్న కాల్షియం ఎగిసి పడుతుంది.

ఎఫ్‌హెచ్‌హెచ్ అనుమానం వస్తే తోబుట్టువులకు, తల్లిదండ్రులకు, పిల్లలకు ఒక్క కాల్షియం పరీక్ష చేయించండి. సగం మందిలో కనబడితే విషయం తేలినట్టే, జన్యు పరీక్ష దాన్ని ఖాయం చేస్తుంది. మన తెలుగు కుటుంబాలకు ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం. ఒక్కరి దగ్గర నుంచి వస్తే పెద్దగా హాని లేని ఈ గుణం తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తే, పుట్టిన బిడ్డకు మొదటి రోజుల్లోనే కాల్షియం ప్రాణాంతకంగా పెరుగుతుంది. మేనరికం చేసుకున్న ఇంట్లో ఇది ఊహ కాదు, నిజంగా జరగగలిగేది. అలాంటి ఇంట్లో ఎవరైనా గర్భంతో ఉంటే ఈ సంగతి ముందే పిల్లల డాక్టరుకు చెప్పండి.

ఇవన్నీ అయ్యాకే మెడ స్కాన్. అల్ట్రాసౌండ్, సెస్టామిబీ అనే న్యూక్లియర్ స్కాన్ ఉన్నది జబ్బు ఉందో లేదో చెప్పడానికి కాదు, సర్జన్‌కు ఎక్కడ వెతకాలో చూపడానికి. స్కాన్‌లో ఏమీ కనబడలేదంటే జబ్బు లేనట్టు కాదు. చార్లెస్ మార్టెల్ అనే అమెరికన్ ఓడ కెప్టెన్‌కు మెడలో ఆరు ఆపరేషన్లు చేసినా గడ్డ దొరకలేదు. 1932లో ఏడోసారి ఛాతీ లోపల దొరికింది. అప్పటికి ఎముకలు కుంగి ఎంతో పొట్టిగా అయిపోయాడు. కిడ్నీ రాళ్ళ బాధ మాత్రం ఆయన్ను వదల్లేదు, ఆ తర్వాత కొద్ది వారాలకే చనిపోయాడు. గ్రంథి ఎక్కడైనా దాక్కోవచ్చు కాబట్టి ఈ ఆపరేషన్లు తరచూ చేసే సర్జన్ దగ్గరికే వెళ్ళమంటాను.

రాళ్ళ కోసం కిడ్నీ అల్ట్రాసౌండ్, ముంజేతిని కూడా కలిపి ఎముకల సాంద్రత పరీక్ష చేయించాలి. ఈ జబ్బు ముందుగా తినేది ముంజేతి ఎముకనే, కానీ చాలాచోట్ల నడుము, తుంటి మాత్రమే తీసి పంపిస్తారు. వయసు నలభై లోపైతే, లేదా ఇంట్లో ఇంకొకరికి ఇలాంటిది ఉంటే, పిట్యూటరీ, ప్యాంక్రియాస్ గడ్డలతో కలిసి వచ్చే వంశపారంపర్య రకం ఉందేమో ఎండోక్రైనాలజిస్టు చూడాలి.

ఆరో అడుగు: పీటీహెచ్ అణిగి ఉంటే

మోటారు ఆగింది, నీళ్ళు వేరే చోటు నుంచి వస్తున్నాయి. ఇక్కడ భయం ఎక్కువగా క్యాన్సర్ గురించే, ఆ భయంలో కొంత నిజముంది. అయితే కాల్షియం ఇంత పెంచే క్యాన్సర్ సాధారణంగా అప్పటికే పెద్దదై ఉంటుంది. మనిషిని సరిగ్గా పరీక్షిస్తే చాలాసార్లు దొరుకుతుంది. నోరు తెరిపించి చూడండి, దవడ కింద, మెడలో, చంకల్లో గడ్డలు తడమండి, రొమ్ములు చూడండి, ఛాతీ ఎక్స్‌రే తీయండి. గుట్కా, ఖైనీ నమిలేవాళ్ళ నోరు తప్పక చూడాలి. శ్రీకాకుళం, విశాఖ వైపు చుట్టను వెలిగించిన కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే పెద్దవాళ్ళున్నారు, ముఖ్యంగా ఆడవాళ్ళు. వాళ్ళ అంగిలి టార్చి వేసి చూడాలి. నోరు, గొంతు, ఊపిరితిత్తులు, కిడ్నీ, రొమ్ము క్యాన్సర్లలో కొన్ని పీటీహెచ్‌ను పోలిన పదార్థాన్ని తయారుచేసి కాల్షియాన్ని పెంచుతాయి. దాన్ని కొలిచే పరీక్ష పీటీహెచ్‌ఆర్‌పీ. అది అన్నిచోట్లా దొరకదు, ఖరీదు ఎక్కువ. గడ్డ కళ్ళ ముందే ఉంటే దానికోసం ఆగక్కర్లేదు.

మైలోమాను విడిగా వెతకాలి. అరవై దాటిన మనిషి, తగ్గని నడుము నొప్పి, హిమోగ్లోబిన్ తక్కువ, క్రియాటినిన్ ఎక్కువ, దానికి తోడు కాల్షియం. ఈ నాలుగూ కలిస్తే అదే రోజు సీరం ప్రొటీన్ ఎలక్ట్రోఫోరెసిస్, ఇమ్యునోఫిక్సేషన్, ఫ్రీ లైట్ చెయిన్స్ పంపండి. మైలోమాలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ తరచుగా మామూలుగానే ఉంటుంది, మామూలు బోన్ స్కాన్‌లో మచ్చలు కనబడకపోవచ్చు. ఆ రెండూ బాగున్నాయని ఊరుకోవద్దు.

తర్వాత విటమిన్ డి. 25-హైడ్రాక్సీ విటమిన్ డి మిల్లీలీటరుకు 150 నానోగ్రాములు దాటి, పీటీహెచ్ అణిగి ఉంటే కారణం మందుల సంచిలోనే ఉంది. మోతాదు ఆపిన మర్నాటికి ఇది తగ్గదు. విటమిన్ డి కొవ్వులో నిలవ ఉండి నెలల తరబడి వస్తూనే ఉంటుంది. అందుకే డిశ్చార్జ్ అయిన తర్వాత కూడా కాల్షియం, క్రియాటినిన్ పరీక్షలు కొన్ని నెలలు కొనసాగాలి.

25-హైడ్రాక్సీ మామూలుగా ఉండి కూడా కాల్షియం ఎక్కువైతే దాని చురుకైన రూపం 1,25-డైహైడ్రాక్సీ విటమిన్ డి అడగాలి. మామూలుగా దాన్ని కిడ్నీ తయారుచేస్తుంది. టీబీ, టీబీని పోలి కనిపించే సార్కాయిడోసిస్, కొన్ని ఫంగస్ జబ్బుల్లో ఏర్పడే గ్రాన్యులోమా (వాపు కణాల చిన్న ముద్ద) కణాలూ, కొన్ని లింఫోమాలూ ఎవరి అదుపూ లేకుండా దాన్ని సొంతంగా తయారుచేస్తాయి. టీబీ వార్డులో నీరసంగా ఉన్న మనిషికి బలానికని విటమిన్ డి, కాల్షియం రాస్తే, ఇలాంటివాళ్ళలో వాంతులు, మగత మొదలవుతాయి. అవి టీబీ మందుల వల్లేననుకుని మందులు ఆపేసే ప్రమాదం ఉంది. ఛాతీ సీటీ తీసి, గడ్డ దొరికితే ముక్క తీసి, దాన్ని పాథాలజీకి ఎంత జాగ్రత్తగా పంపుతారో టీబీ పరీక్షకూ అంతే జాగ్రత్తగా పంపండి. మన దేశంలో సార్కాయిడ్ అని తేల్చే ముందు టీబీ కాదని గట్టిగా నిర్ధారించుకోవాలి.

మిగిలినవి త్వరగా: టీఎస్‌హెచ్ చూడండి, థైరాయిడ్ ఎక్కువైతే కాల్షియం కొద్దిగా పెరుగుతుంది. బీపీ పడిపోతూ, ఒళ్ళు నల్లబడుతూ, సోడియం తక్కువగా ఉంటే ఉదయం కార్టిసోల్ (అడ్రినల్ గ్రంథుల హార్మోను) చూడండి. అడ్రినల్ గ్రంథులకు టీబీ పట్టినా ఇలా ఉంటుంది. వెన్నెముకకు దెబ్బ తగిలి నెలలుగా కదలకుండా ఉన్న కుర్రవాడికి మంచం మీద ఉండటం వల్లే కాల్షియం పెరగవచ్చు.

ఏడో అడుగు: అన్నీ చూసినా దొరకనప్పుడు

వెనక్కి వెళ్ళండి, ముందుకు కాదు. ఇంకో పెద్ద స్కాన్ రాసే ముందు కాల్షియం, అల్బుమిన్, పీటీహెచ్ మూడింటినీ కలిపి వేరే ల్యాబులో మళ్ళీ చూడండి. మందుల గురించి మళ్ళీ అడగండి, ఈసారి వంట చేసే కోడలినీ, మాత్రలు తెచ్చే మనవడినీ కూడా.

నా దగ్గరికి వచ్చిన ఒక డెబ్బై ఏళ్ళ పెద్దావిడకు కాల్షియం 12.6, క్రియాటినిన్ 1.9, పీటీహెచ్ 8, బైకార్బొనేట్ 34. ఎలక్ట్రోఫోరెసిస్, సీటీ అన్నీ బాగున్నాయి. విటమిన్ డి 41. సంచిలో బీపీ మాత్రలో థయజైడ్, రోజుకు రెండు కాల్షియం మాత్రలు ఉన్నాయి. రెండుసార్లు అడిగాను, ఇంకేమీ లేవన్నారు. మూడోసారి ఇంటి విషయాలు మాట్లాడుతూ, "మామ్మగారూ, భోజనం అయ్యాక తాంబూలం అలవాటుందా?" అన్నాను. ఆమె నవ్వి, చీర కొంగు ముడి విప్పి, చిన్న ఇత్తడి సున్నపు కాయ బల్ల మీద పెట్టారు. రోజుకు పది పన్నెండు సార్లు వేసుకుంటారట, ఆకు కంటే సున్నమే ఎక్కువగా. సెలైన్ పెట్టి, బీపీ మందు మార్చి, కాల్షియం మాత్రలూ సున్నమూ ఆపించాం. పదో రోజుకు కాల్షియం 9.8.